ఎదిగే ఆడపిల్లల్లో రక్తహీనత: కంచంలో తిండి, చేతిలో మాత్ర

రక్తానికి ఎర్ర రంగు ఇచ్చేది హీమోగ్లోబిన్. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును అందుకుని మెదడుకూ, గుండెకూ, కాళ్ల కండరాలకూ మోసుకుపోయేది అదే. ఒక్కో హీమోగ్లోబిన్ అణువులో 4 ఇనుప పరమాణువులు ఉంటాయి. ప్రాణవాయువు వచ్చి పట్టుకునేది వాటినే. ఒంట్లో ఇనుము తగ్గితే ఎముక మూలుగలో ఎర్రకణాల తయారీ కుంటుపడుతుంది. పుట్టే కణాలు చిన్నవిగా, పాలిపోయి పుడతాయి. 12 ఏళ్లు నిండిన ఆడపిల్లకు 100 మిల్లీలీటర్ల రక్తంలో కనీసం 12 గ్రాముల హీమోగ్లోబిన్ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ప్రమాణం. 11 నుంచి 12 లోపు ఉంటే స్వల్ప రక్తహీనత, 8 నుంచి 11 లోపు ఉంటే మధ్యస్థం, 8 కన్నా తక్కువైతే తీవ్రం.

ఈ ప్రమాణంతో కొలిచినప్పుడు దేశంలో తేలిన సంగతి తేలిగ్గా తీసుకోదగింది కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది సుమారు 60 శాతం, తెలంగాణలో దాదాపు 65 శాతం. అదే వయసు మగపిల్లల్లో దేశం మొత్తం మీద 31 శాతం. అంతకు ముందు 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతం, మగపిల్లల్లో 18 శాతం అని వచ్చింది. రెండు సర్వేల మధ్య ఇంత తేడా రావడానికి ఒక కారణం వయసులు వేరు కావడం. ఇంకో కారణం రక్తం తీసిన పద్ధతి. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికొన మీద సూదితో గుచ్చి చుక్క తీశారు. పోషకాహార సర్వేలో నరం నుంచి తీసి ప్రయోగశాలలో యంత్రం మీద పరీక్షించారు. వేలిని గట్టిగా నొక్కి పిండితే రక్తంతో పాటు కణజాల ద్రవం కూడా కలిసి లెక్క మారిపోతుంది. ఏ లెక్క పట్టుకున్నా మిగిలే నిజం మాత్రం ఒక్కటే: తరగతి గదిలో పది మంది ఆడపిల్లలు కూర్చుంటే వారిలో కనీసం నలుగురు ఈ లోటుతోనే పాఠం వింటున్నారు.

మగపిల్లల కన్నా ఆడపిల్లలకే ఇది ఎందుకు ఎక్కువ అన్నది ఇనుము రాకపోకల లెక్క చూస్తే తెలుస్తుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అది చనిపోయాక అందులోని ఇనుమును శరీరం పారేయదు. మళ్లీ కొత్త కణాలకే వాడుకుంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఇలా రోజూ 20 మిల్లీగ్రాములకు పైగా ఇనుము చేతులు మారుతూ ఉంటుంది. చర్మం, పేగుల పొరలు రాలడం ద్వారా పోయేది రోజుకు ఒక మిల్లీగ్రాము లోపే. ఈ ఖర్చు ఆడ, మగ ఇద్దరికీ ఉంటుంది. ఆడపిల్లకు 10, 11 ఏళ్లు వచ్చేసరికి దీని మీద ఇంకో రెండు ఖర్చులు వచ్చి పడతాయి. మొదటిది ఎదుగుదల. ఎత్తు సాగి, బరువు పెరిగే కొద్దీ ఒంట్లో రక్తం పరిమాణం పెరగాలి, కండరాలు పెరగాలి, రెండింటికీ ఇనుము కావాలి. రెండోది నెలసరి. మామూలుగా ఒక్కో నెలసరిలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. అంటే నెలకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, సగటున రోజుకు అర మిల్లీగ్రాము పైచిలుకు. రక్తస్రావం 80 మిల్లీలీటర్లు దాటే పిల్లల్లో ఈ నష్టం రెట్టింపవుతుంది. మొదటి ఒకటి రెండేళ్లలో నెలసరి క్రమం తప్పడం, ఎక్కువ రోజులు సాగడం సాధారణమే కనుక సరిగ్గా ఎదుగుదల జోరు మీద ఉన్నప్పుడే ఈ నష్టం కూడా ఎక్కువగా ఉంటుంది.

ఇనుము తగ్గగానే హీమోగ్లోబిన్ పడిపోదు. కాలేయం, మూలుగ వంటి చోట్ల ఫెరిటిన్ రూపంలో కొంత నిల్వ ఉంటుంది. గాదెలో ధాన్యం అడుగంటేదాకా వంట ఆగనట్టే, ఆ నిల్వ తరిగిపోయేదాకా హీమోగ్లోబిన్ పరీక్షలో లోటు కనిపించదు. పరీక్షలో 12.2 వచ్చిందని ఊపిరి పీల్చుకున్న పిల్లకు లోపల నిల్వ ఏమీ లేకపోవచ్చు. ఫెరిటిన్ పరీక్ష చేస్తేనే అది తెలుస్తుంది, ఆ పరీక్ష ఊరి ఉపకేంద్రంలో దొరకదు. రక్తహీనత ఉందా లేదా అని చూడకుండా ఆ వయసు పిల్లలందరికీ వారానికో ఐరన్ మాత్ర ఇవ్వడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

రక్తం తగ్గిన పిల్లను గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే లోటు మెల్లగా వస్తుంది, ఒళ్లు దానికే అలవాటు పడుతుంది. బడి మెట్లెక్కితే ఆయాసం, ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చోవడం, తరచూ తలనొప్పి, కళ్లు తిరగడం, మధ్యాహ్నం తరగతిలో కునికిపాట్లు, చదివింది బుర్రకెక్కకపోవడం, ఇవన్నీ దాని గుర్తులే. ఇంట్లో మాత్రం వీటికి బద్ధకం అని పేరు పడుతుంది. ఇలా పేరు పెట్టడం ఆ పిల్లకు జరిగే రెండో అన్యాయం. కింది కనురెప్పను కొంచెం కిందికి లాగి చూస్తే లోపలి పొర ఎర్రగా కాక తెల్లగా పాలిపోయి ఉండటం, నాలుక, అరచేయి గీతలు, గోళ్ల కింది భాగం వెలిసిపోయి ఉండటం ఎవరైనా గమనించగలిగేవే. ఇంకో గుర్తు ఉంది. పచ్చి బియ్యం గుప్పెళ్లకొద్దీ నమలడం, బలపాలు, చాక్‌పీసులు కొరకడం, మట్టిగడ్డలు, గోడ సున్నం తినాలనిపించడం. ఇవి అల్లరి చేష్టలనుకుని తిట్టడం పరిపాటి. నిజానికి ఇనుము లోపించిన వాళ్లలో తరచుగా కనిపించే లక్షణం ఇది. ఇనుము భర్తీ చేస్తే చాలామందిలో ఆ కోరిక దానంతటదే పోతుంది. బియ్యం డబ్బా దగ్గర పిల్ల పట్టుబడితే తిట్టడానికి ముందు హీమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి.

రక్తహీనత అంతా ఇనుము లోపమే అనుకోవడం కూడా పొరపాటే. 2016-18 సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో ఇనుము లోపం 31 శాతం మందిలో కనబడింది. ఆ వయసు పిల్లలందరినీ కలిపి చూస్తే ఫోలేట్ లోపం 37 శాతం మందిలో, బీ12 లోపం 31 శాతం మందిలో బయటపడింది. ఈ రెండు విటమిన్లూ ఎర్రకణాలు విభజన చెంది పెరగడానికి అవసరం. ఫోలేట్ కథకు మన దేశంతో సంబంధం ఉంది. 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే ఒక రకం రక్తహీనత మీద పరిశోధన చేశారు. ఈస్ట్ సారంతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం ఇస్తే వాళ్లు కోలుకోవడం చూశారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేశారు. దానికే ఫోలిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. ఇవాళ బడిలో ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కలిసి ఉండటానికి మూలం అక్కడుంది. బీ12 మాత్రం పాలు, పెరుగు, గుడ్డు, చేపలు, మాంసం లాంటి జంతు సంబంధ ఆహారంలోనే దొరుకుతుంది. పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రంగా తినే శాకాహార కుటుంబాల పిల్లల్లో ఈ లోపాన్ని అనుమానించాలి.

చెప్పుల్లేకుండా తడి మట్టిలో నడిచే పిల్లలకు కొంకిపురుగుల బెడద ఉంటుంది. వాటి లార్వాలు పాదాల చర్మం గుండా లోపలికి చేరి, చివరికి చిన్నపేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. ఒక్కో పురుగు తాగేది చుక్కలో కొంత భాగమే, కానీ అవి పదులూ వందలూ ఉన్నప్పుడు నెలల తరబడి పోయే రక్తం తక్కువేమీ కాదు. అందుకే ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. మరుగుదొడ్డి, చెప్పులు, చేతులు కడగడం లేకపోతే ఆ మాత్ర వేసిన కొద్ది నెలలకే పురుగులు మళ్లీ చేరతాయి. మలేరియా తరచూ వచ్చే ఏజెన్సీ ప్రాంతాల్లో అదీ రక్తహీనతకు ఒక కారణం. అక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. సికిల్ సెల్, తలసీమియా వంశపారంపర్యంగా వచ్చే జబ్బులు. వీటిలో రక్తం తక్కువే ఉన్నా ఇనుము లోపం ఉండకపోవచ్చు. పదేపదే రక్తం ఎక్కించుకునే వాళ్లలో ఇనుము పేరుకుపోయే ప్రమాదం కూడా ఉంది. అలాంటి పిల్లలకు ఐరన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి.

తిండి సంగతికి వస్తే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిద్ధం చేసిన 2020 నాటి సిఫార్సుల ప్రకారం 10 నుంచి 12 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 28 మిల్లీగ్రాములు, 13 నుంచి 15 ఏళ్ల పిల్లకు 30, 16 నుంచి 18 ఏళ్ల పిల్లకు 32 మిల్లీగ్రాముల ఇనుము తిండిలో ఉండాలి. పైన చెప్పిన ఖర్చులన్నీ కలిపినా రోజుకు రెండు మిల్లీగ్రాముల పైచిలుకే కదా, 30 ఎందుకు అంటే, మన తిండిలోని ఇనుములో ఒంటికి పట్టేది నూటికి ఏడెనిమిది పాళ్లే కాబట్టి. ఇప్పుడు ఒక మామూలు ఇంటి కంచం చూడవచ్చు. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. రోజుకు 300 గ్రాముల బియ్యం అన్నం తిన్నా వచ్చేది 2 మిల్లీగ్రాముల చిల్లర. 50 గ్రాముల కందిపప్పుతో మరో 2. కాస్త కూర, పచ్చడి, చారు కలుపుకుంటే పది దాటడం కష్టం. ఆ పది కూడా కడుపు నిండా తిన్న పిల్ల సంగతి. పొద్దున ఏమీ తినకుండా బడికి పరుగెత్తి, రాత్రి నాన్నా అన్నదమ్ములూ తిన్నాక అడుగున మిగిలిన పప్పు వేసుకుని, ఆపైన పెరుగన్నంతో సరిపెట్టుకునే పిల్లకు అందులో సగమూ దక్కదు. పెరుగు మంచిదే, కానీ అందులో ఇనుము లేదు. ఎవరు ముందు తింటారు, ఎవరు చివర తింటారు అన్నది పోషకాహార పట్టికల్లో కనిపించదు; రక్త పరీక్షలో మాత్రం కనిపిస్తుంది.

ఇంట్లో రక్తం తగ్గిందనగానే బీట్‌రూట్ రసం, దానిమ్మ గింజలు మొదలుపెడతారు. రెండూ మంచి ఆహారమే. అయితే 100 గ్రాముల బీట్‌రూట్‌లో గానీ దానిమ్మలో గానీ ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాముకు లోపే. ఎర్రగా ఉన్నది తింటే ఎర్ర రక్తం పడుతుందన్న నమ్మకం ఇంత ఖరీదైన పండ్ల మీద డబ్బు పెట్టించి, అంతకన్నా చవకగా దొరికే ఉలవల్ని మరిపిస్తోంది. ఉలవల్లో 100 గ్రాములకు 8 మిల్లీగ్రాముల పైన ఇనుము ఉంది, సజ్జల్లో సుమారు 6, తోటకూరలోనూ మునగాకులోనూ నాలుగున్నర చొప్పున. రాగుల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. రాగుల అసలు గొప్ప కాల్షియం. నువ్వుల్లో ఇనుము వీటన్నిటికన్నా ఎక్కువ. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు తెలుగు ఇళ్లలో చిమ్మిలి, అంటే నువ్వులూ బెల్లం కలిపి దంచిన ఉండలు పెట్టే ఆచారం ఉంది. ఆ వయసుకు అది సరైన తిండే. అది పది రోజుల ముచ్చటగా ముగిసిపోవడమే బాధ కలిగించే విషయం. నెలసరి మరో ముప్ఫై ఏళ్లకు పైగా సాగుతుంది. నువ్వుల ఉండ కూడా వారానికి రెండు మూడుసార్లయినా ఇంట్లో ఉండాలి. గోదావరి జిల్లాల్లో బాలింతలకు వండే తెలగపిండి మునగాకు కూర ఎదిగే పిల్లలకూ అంతే మేలు చేస్తుంది.

పదార్థంలో ఎంత ఇనుము ఉంది అన్నదాని కన్నా, పక్కన ఏమి తిన్నారు అన్నదే చాలాసార్లు ముఖ్యం. గింజధాన్యాల్లో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచి పేగుల్లోకి వదలదు. నానబెడితే, మొలకెత్తిస్తే, పులియబెడితే ఫైటేట్ తగ్గుతుంది. రాత్రంతా పులిసిన ఇడ్లీ పిండి, మొలకెత్తిన ఉలవలు, పెసలు, పులిసిన అంబలి ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. విటమిన్ సీ ఇంకా బలంగా పనిచేస్తుంది. శాకాహారంలోని ఇనుమును అది సులభంగా కరిగే రూపంలోకి మార్చి, ఒంటికి పట్టే పాలును రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి పెంచుతుంది. జామకాయ, ఉసిరికాయ, నిమ్మకాయ మూడూ ఊళ్లో దొరికేవే. తోటకూర పప్పు పొయ్యి మీద నుంచి దించాక నిమ్మరసం పిండాలి. మరుగుతుండగా పిండితే వేడికి విటమిన్ సీ చాలావరకు నశిస్తుంది. భోజనం చేసిన వెంటనే ఒక జామకాయ కొరుక్కుతింటే ఆ పూట పప్పులోని ఇనుము ఎక్కువగా ఒంటబడుతుంది. జామకాయ సాయంత్రం ఖాళీ కడుపున తింటే వేరే మేళ్లు ఉంటాయి గానీ ఈ మేలు ఉండదు.

దీనికి సరిగ్గా ఎదురు పనిచేసేది టీ. తేయాకులోని టానిన్లు ఇనుముతో కలిసి కరగని పదార్థంగా మారతాయి. భోజనంతో పాటు ఒక కప్పు టీ తాగితే శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గుతుంది. కాఫీ ప్రభావం కొంచెం తక్కువ, కానీ అదీ అదే దారి. హాస్టళ్లలో ఉప్మాతో పాటే టీ గ్లాసు చేతికివ్వడం మామూలు. ఆ టీని ఒక గంట వెనక్కి జరిపితే పైసా ఖర్చు లేకుండా మేలు జరుగుతుంది.

మాంసాహారంలోని ఇనుము లెక్క వేరు. మాంసం, కాలేయం, చేపల్లో కొంత ఇనుము హీమ్ రూపంలో ఉంటుంది. అది 15 శాతం నుంచి ఇంకా ఎక్కువగా ఒంటికి పడుతుంది. టీ, ఫైటేట్లు దాన్ని అంతగా అడ్డుకోలేవు. పైగా కూరలో రెండు మాంసం ముక్కలు ఉంటే, పక్కనున్న పప్పులోని ఇనుము కూడా మెరుగ్గా పడుతుంది. వారానికొకసారి మేక కాలేయం వండే ఇంట్లో దాన్ని ఆడపిల్లకు ముందుగా వడ్డించాలి. గుడ్డులోని ఇనుము అంత బాగా పట్టదు, అయినా మాంసకృత్తులకు, బీ12కు గుడ్డు అవసరమే. వంటపాత్ర కూడా లెక్కలోకి వస్తుంది. ఇనుప మూకుడులో చింతపండు పులుసుతో కూర వండితే పులుపు కొంత ఇనుమును కూరలోకి దింపుతుంది. అల్యూమినియం, నాన్‌స్టిక్ గిన్నెలు వచ్చాక చాలా ఇళ్లలో ఆ మూకుడు అటకెక్కింది. దాన్ని దించి తోమి వాడుకోవచ్చు. తుప్పు పట్టకుండా తుడిచి ఆరబెట్టాలి, వండిన పులుసును అందులోనే రాత్రంతా ఉంచకూడదు.

ఇంత చెప్పుకున్నా, ఒకసారి రక్తం తగ్గిపోయాక తిండి ఒక్కటే దాన్ని సకాలంలో పైకి తేలేదు. ఎంత మంచి కంచమైనా రోజుకు ఒంటికి పట్టించేది రెండు మూడు మిల్లీగ్రాములే. అది రోజువారీ ఖర్చుకే సరిపోతుంది. లోటు పూడ్చాలంటే మాత్ర కావాలి. మాత్ర వద్దు, సహజంగా తిండితోనే తగ్గించుకుంటామనే మాట వినడానికి బాగుంటుంది గానీ, హీమోగ్లోబిన్ 9 ఉన్న పిల్ల విషయంలో అది చేజేతులా నెలలు పోగొట్టుకోవడమే. మాత్ర మింగేసి తిండి పట్టించుకోకపోవడమూ అంతే నష్టం: మాత్ర ఆగిన కొద్ది నెలలకు హీమోగ్లోబిన్ మళ్లీ మొదటికొస్తుంది.

ఐరన్ మాత్రలు పంచడం మన దేశంలో కొత్త కాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు 1970లోనే జాతీయ కార్యక్రమం మొదలైంది. కౌమార వయసు పిల్లలు చాలాకాలం దాని పరిధిలో లేరు. వాళ్ల కోసం వారానికో ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చే పథకం 2012-13లో వచ్చింది. 2018లో దాన్ని అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో కలిపారు. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు ఇచ్చేది నీలం రంగు మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల అసలు ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 5 నుంచి 9 ఏళ్ల వారికి గులాబీ రంగుది, పెద్ద ఆడవాళ్లకు ఎర్రది. మందుల దుకాణంలో కొనేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది: పెట్టె మీద రాసిన ఫెర్రస్ సల్ఫేట్, ఫెర్రస్ ఫ్యూమరేట్ బరువు మొత్తం ఇనుము కాదు. ఫ్యూమరేట్‌లో మూడో వంతు మాత్రమే ఇనుము. అసలు ఇనుము ఎంతో విడిగా రాసి ఉంటుంది, చూడాల్సింది ఆ అంకెనే.

వారానికి ఒక్క మాత్ర ఏం సరిపోతుంది అన్న సందేహం సహజం. పేగు కణాల నుంచి ఇనుము రక్తంలోకి వెళ్లే దారిని కాలేయంలో పుట్టే హెప్సిడిన్ అనే హార్మోన్ అదుపు చేస్తుంది. ఒక పెద్ద మోతాదు ఐరన్ మింగగానే హెప్సిడిన్ పెరిగి, ఇంచుమించు ఒక రోజు పాటు ఆ దారిని బిగిస్తుంది. మర్నాడు వేసుకున్న మాత్రలో ఒంటికి పట్టే వంతు తగ్గుతుంది. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఇనుము నిల్వలు తగ్గిన యువతుల మీద చేసిన అధ్యయనంలో, రోజూ వేసుకున్న వారికన్నా రోజు విడిచి రోజు వేసుకున్న వారికి ఎక్కువ ఇనుము పట్టినట్టు తేలింది. వారం మాత్ర పని నిల్వలు తరగకుండా కాపాడటం. అప్పటికే రక్తం తగ్గిన పిల్లకు అది చాలదు. స్వల్ప, మధ్యస్థ రక్తహీనత ఉన్న కౌమార పిల్లలకు జాతీయ మార్గదర్శకాల ప్రకారం భోజనం తర్వాత రోజుకు రెండు మాత్రల చొప్పున మూడు నెలలు ఇస్తారు. నెల తిరిగేసరికి హీమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్ర మింగడం లేదో, బీ12 లోపమో, సికిల్ సెలో, లోపల ఎక్కడైనా రక్తం పోతోందో చూడాలి. పిల్లను పెద్ద ఆసుపత్రికి పంపాలి. హీమోగ్లోబిన్ 8 కన్నా తక్కువ ఉంటే మొదటి నుంచే ఆసుపత్రిలో చూపించాలి.

మాత్ర చేతికందిందంటే కడుపులోకి చేరిందని కాదు. రిజిస్టర్‌లో టిక్కు పడుతుంది, మాత్ర బడి వెనుక గోడ అవతల పడుతుంది. పిల్లల్ని తప్పుపట్టే ముందు కారణం వినాలి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, కడుపులో మంట వస్తాయి. మలం నల్లగా వస్తుంది. ముందే చెప్పకపోతే పిల్ల హడలిపోతుంది, ఆ భయం ఎవరితోనూ చెప్పుకోదు. కొందరికి మలబద్ధకం ఉంటుంది. ఒక పిల్ల వాంతి చేసుకుంటే, ఆ భయం గది మొత్తానికి పాకి, పక్క పిల్లలకూ కడుపు తిప్పినట్టవుతుంది. మర్నాడు ఊళ్లో మాత్రలు వికటించాయన్న వార్త. ఆ తర్వాత నెలల తరబడి ఏ తల్లీ పిల్లను మాత్ర వేసుకోనివ్వదు. దీనికి మందు చాలా మామూలుది. మధ్యాహ్న భోజనం అయ్యాక, టీచర్ ఎదుటే, మంచినీళ్లతో మింగించాలి. పొద్దున ప్రార్థన సమయంలో పంచడం తగదు. పొద్దున ఏమీ తినని పిల్లలు ఎవరో టీచర్‌కు తెలిసి ఉండాలి. నల్లటి మలం మందు ప్రభావమే, హాని లేదని మాత్ర ఇచ్చే ముందే చెప్పాలి. టీచర్ కూడా పిల్లల ముందు తన మాత్ర వేసుకుంటే ఎంత ఉపన్యాసమైనా ఇవ్వలేని ధైర్యం వస్తుంది. టీచర్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, వాళ్లకూ మాత్ర అవసరమే. మాత్రను పాలతో, టీతో వేసుకోకూడదు. క్యాల్షియం మాత్ర కూడా వాడుతుంటే రెండింటి మధ్య కొన్ని గంటల తేడా ఉండాలి. ఇంటికి తెచ్చిన మాత్రల్ని చిన్నపిల్లలకు అందని చోట పెట్టాలి. తీపి పూతతో మెరిసే ఆ మాత్రల్ని మిఠాయి అనుకుని రెండేళ్ల పిల్లవాడు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అది విషం మింగినట్టే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బడిలో ఉన్న పిల్లకు టీచర్ ఉంటుంది. చదువు మానేసి మిరప కోతకో, పత్తి తీతకో పోయే పిల్లకు ఎవరుంటారు? ఆ పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా, ఆశా కార్యకర్త ద్వారా ఇదే మాత్ర అందాలి. పని రోజుల్లో కేంద్రం తెరిచి ఉండే వేళకు ఆమె చేలో ఉంటుంది కాబట్టి, సాయంత్రమో ఆదివారమో ఇంటికి వెళ్లి ఇస్తే తప్ప ఆ మాత్ర ఆమె దాకా రాదు. రక్తం అందరికన్నా ఎక్కువ అవసరమైనది ఎండలో ఒళ్లు వంచి పనిచేసే ఆ పిల్లకే.

బియ్యంలోనే ఇనుము చేర్చే ప్రయత్నం ఇంకొకటి. 2021 ఆగస్టు 15న ప్రకటించిన ఈ కార్యక్రమం 2024 మార్చి నాటికి రేషన్, బడి భోజనం, అంగన్‌వాడీ బియ్యం మొత్తానికి విస్తరించింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి గింజలుగా అచ్చుపోసి, 100 మామూలు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. కిలో బలవర్ధక బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ప్రమాణం. ఆ గింజలు రంగులో కాస్త తేడాగా ఉండి, కడిగేటప్పుడు నీటి మీద తేలతాయి. ప్లాస్టిక్ బియ్యం కలిపారని భయపడి ఏరిపారేసే ఇళ్లు ఉన్నాయి. తేలినవి పారబోస్తే, పిల్లకోసం కలిపినదే పోతుంది. ఈ బియ్యం తిన్నంత మాత్రాన పప్పు, ఆకుకూర, గుడ్డు అక్కర్లేదని కాదు. అన్నం చుట్టూ కూర పెరగకుండా అన్నాన్ని మాత్రమే బలపరచడం సగం పని.

నెలసరి ఏడు రోజులకు మించి సాగుతున్నా, గంట గంటకు ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా దాన్ని ఆడవాళ్లకు మామూలేనని వదిలేయకూడదు. రక్తస్రావాన్ని అదుపు చేయకుండా ఎన్ని మాత్రలు మింగినా వచ్చిన ఇనుము వచ్చినట్టే పోతుంది. కొందరిలో థైరాయిడ్ సమస్యో, రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో ఉన్న లోపమో కారణం కావచ్చు. దానికి చికిత్స ఉంది.

హీమోగ్లోబిన్ 12కు చేరిన రోజున మాత్ర ఆపేయకూడదు. అప్పటికి రక్తం నిండింది గానీ నిల్వలు నిండలేదు. మూడు నెలల చికిత్స పూర్తయ్యాక 19 ఏళ్లు నిండేదాకా వారం మాత్ర కొనసాగుతుంది. 20 దాటాక పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు అదే వారం మాత్ర ఎర్ర రంగులో ఇస్తారు. పెళ్లయిన అమ్మాయికి ఇది మరింత అవసరం, ఎందుకంటే గర్భస్థ శిశువు వెన్నుపాము, మెదడు రూపుదిద్దుకునే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. ఆ వేళకు ఫోలేట్ ఒంట్లో ముందే ఉండాలి. గర్భం వచ్చాక నాలుగో నెల నుంచి రోజుకో ఎర్ర మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి.